అలాంజోకి లేని జబ్బు

గ్రీన్‌వుడ్, మిసిసిపీ
ఏప్రిల్ నెలాఖరు

చెవులు మందగించినా నోరు మందగించని మా అక్క ఎర్నెస్టీన్‌కి తమ్ముడు అలాంజో నమస్కారాలు.

ఫోను చేస్తే నువ్వు "ఎవరూ? ఎవరూ?" అని అరిచి పెట్టేస్తున్నావు. అందుకని ఇకమీదట ఉత్తరాలే. ఇందులో ఒక సుఖం ఉంది, మధ్యలో నువ్వు అడ్డు తగలలేవు.

క్షేమంగా చేరాను. ఇల్లు చిన్నదే గాని ముందు వరండా ఉంది, వెనక పెకాన్ గింజలు కాసే చెట్టు ఉంది. చూరు గొట్టాల్లో ఏనాటి ఆకులో కుళ్లిపోయి ఉంటే రెండో రోజే నిచ్చెన వేసుకుని ఎక్కి శుభ్రం చేశాను. పైనుంచి చూస్తే ఊరంతా కనిపించింది. కోర్టు గడియారం, గోధుమరంగు నది, పత్తి వ్యాపారుల పాత కొట్లు, వాటిలో సగం తలుపులకు చెక్కలు. దీన్ని నగరమనే అంటారు ఇక్కడ. నేనేమీ అనలేదు.

నువ్వు వద్దన్నా ఎందుకొచ్చానో నీకు తెలుసు. మా ఆవిడ లోరెట్టా పోయాక ఆ మూడంతస్తుల మెట్లెక్కి ఖాళీ గదిలోకి వెళ్లడం నా వల్ల కాలేదు. షికాగోలో ముప్పయ్యేళ్లు బస్సు నడిపాను. ఎక్కినవాళ్లలో నా మొహం ఎరిగినవాడు ఒక్కడు లేడు.

ఇక్కడ అలా కాదు. సామాను దింపుతుండగానే ఎదురింటావిడ వచ్చింది. పేరు ఓజెల్లా క్రంప్. డెబ్బై దాటి ఉంటాయి. ఎండుకట్టెలా ఉంటుంది. ఊళ్లో ఆడవాళ్ల జుట్లు దువ్వే దుకాణం నడిపిందట చాలా కాలం. "ఈ ఊరికెందుకొచ్చావు నాయనా?" అంది. నడుము పట్టేసి ఉన్నాను, చిరాకులో "చావడానికొచ్చానమ్మా" అన్నాను. షికాగోలో ఆ మాటంటే ఎదుటివాడు "వరసలో నిలబడు" అంటాడు. ఆవిడ నవ్వలేదు. కిందినుంచి పైదాకా ఒకసారి చూసి వెళ్లిపోయింది. సాయంత్రానికి మొక్కజొన్న రొట్టె వచ్చింది.

మర్నాటినుంచి వీధి మొత్తం వచ్చింది. వేపిన కోడి, పంది ఎముక వేసి ఉడికించిన ఆకుకూర, బొబ్బర్లు, బెండకాయ వేపుడు, చిలగడదుంప తీపి. ఇచ్చి ఊరికే పోరు. నా చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడతారు. మర్యాదంటే ఇదే అక్కా.

నీ తమ్ముడు,
అలాంజో

తా.క.: షికాగోలో మా పైవాటాలో ఉన్నవాడు ఇన్నేళ్లలో నాకిచ్చిందల్లా జలుబు.


షికాగో
మే

మాట వినని తమ్ముడు అలాంజోకి అక్క ఎర్నెస్టీన్ దీవించి, తిట్టి రాస్తున్నది.

ఊరికే తిండి పెట్టే ఊరు భూమ్మీద లేదు. వాళ్లు నీకేదో అమ్మబోతున్నారు. దేనిమీదా సంతకం పెట్టకు.

అందులోనూ ఆ ఊరు. నువ్వు అప్పుడు చంకలో పిల్లాడివి, నీకు తెలియదు. నాకు తొమ్మిదేళ్లు. మేనమామ ఫెంటన్‌ని యాజూ నదిలోంచి తీసి తెచ్చి మన ముందుగదిలో పడుకోబెట్టారు. ఎలా చచ్చిపోయాడని ఎవరూ అడగలేదు, తెల్లవాళ్ల పనేనని అందరికీ తెలుసు గనక. అమ్మ పొయ్యి వెలిగించలేదు. వీధిలో ఒక్క మనిషి ఒక్క పళ్లెం పట్టుకుని గుమ్మం తొక్కలేదు. భయం. భయమేనని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. తెలిసినా నేను క్షమించలేదు. ఆ వారమే నాన్న మనల్ని రైలెక్కించాడు. మళ్లీ ఆ ఊళ్లో కాలు పెట్టనని నేను ఒట్టేసుకున్నాను. నువ్వేమో పింఛను పట్టుకుని అక్కడికే పోయి బెండకాయ వేపుడు తింటున్నావు.

తిరిగి రా. నా ఇంట్లో గది ఉంది.

నీ అక్క,
ఎర్నెస్టీన్

తా.క.: ఆ గిన్నెల అడుగున పేర్లు అంటించి ఉంటాయి చూసుకో. గిన్నెలు తిరిగివ్వాలి. ఖాళీగా ఇవ్వకూడదు. నీకు వంట రాదు. ఇదొక్కటి చాలు నువ్వు తిరిగి రావడానికి.


గ్రీన్‌వుడ్
జూన్ మొదట్లో

అనుమానాల పుట్ట అయిన మా అక్కకి అలాంజో నమస్కారాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మామయ్య సంగతి ఇంత వివరంగా నాకెవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం నదిదాకా నడిచి వెళ్లాను. నీళ్లు మెల్లగా పోతున్నాయి. ఏమనుకోవాలో తెలియక వచ్చేశాను.

కాని అక్కా, ఇప్పటివాళ్లు మంచివాళ్లు. మొన్న ఆదివారం చర్చికి ఆలస్యంగా వెళ్లి వెనక బల్లమీద కూర్చున్నాను. ముందు పేర్లు చదువుతున్నారు. మంచంపట్టిన ఒక ముసలాయన పేరు తర్వాత నా పేరు వచ్చింది. కొత్తగా వచ్చినవాళ్ల పేర్లు కాబోలు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. నేను చెయ్యి ఊపాను. ముందు బల్లమీద ఒకావిడ ఏడ్చింది.

ఆ వారంలోనే చర్చి పెద్ద మేబ్రీ గారు ఇంటికొచ్చి, నీకు బాగా ఇష్టమైన కీర్తన ఏదని అడిగారు. చెప్పాను. గాయకుల బృందం దాన్ని నేర్చుకుంటుందట. నన్నూ చేర్చుకుంటున్నారన్నమాట. "నేను నిలబడి పాడాలా, కూర్చునా?" అని అడిగాను. ఆయన కళ్లు తుడుచుకుని "నువ్వు విశ్రాంతి తీసుకో సోదరా, పాడేది మేము" అన్నారు.

ఆయనతో ఒక దర్జీ కూడా వచ్చాడు. ఈ ఎండలో నల్లకోటు వేసుకున్నాడు, గొంతు పైకెత్తడు. భుజాల వెడల్పు, మనిషి పొడవు తీసుకున్నాడు. నడుమూ కాళ్లూ వదిలేశాడు. అడిగితే "అవి అవసరం పడవండి" అన్నాడు. లోపలి పట్టు ఏ రంగు కావాలన్నాడు. మెరూన్ అన్నాను. మూత ఒకటే పలకా, రెండు పలకలా అన్నాడు. జేబు మూత కాబోలనుకుని రెండు అన్నాను. రాసుకున్నాడు. ఇంత శ్రద్ధగా పని చేసే దర్జీ షికాగోలో లేడు.

ఓజెల్లమ్మ గారికి దూరం కారు నడపడం చేతకావడం లేదు. అందుకని వారానికోసారి ఆవిణ్ణి నేను జాక్సన్‌లో పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాను. ఎవరో స్నేహితురాలు అక్కడుందట. నేను కారులో కూర్చుని పేపరు చదువుకుంటాను. వచ్చేటప్పుడు ఆవిడ మాట్లాడదు. స్టీరింగ్ చేతికొస్తే నాకు మళ్లీ ఉద్యోగం చేస్తున్నట్టుంటుంది.

నీ తమ్ముడు,
అలాంజో

తా.క.: గిన్నెల సంగతి నువ్వన్నది నిజమే. తిరిగివ్వబోతే "ఇప్పుడే వద్దు, అన్నీ అయ్యాక మేమే తీసుకెళ్తాం" అంటున్నారు. ఏమవ్వాలో చెప్పరు.


షికాగో
జూన్

ఒరేయ్ అలాంజో,

దీవెనలు తర్వాత. ముందు ఎక్కడైనా కూర్చో.

వాడు దర్జీ కాదు. మెరూన్ పట్టు కోటు లోపలికి కాదు. రెండు పలకల మూత ఉండే బట్ట ఏదీ లేదు లోకంలో. నువ్వు నీ శవపేటికని నీ నోటితో ఎంచుకున్నావు. ఆ కీర్తన నీమీద పాడేది. చర్చిలో చదివింది రోగుల పేర్లు. అన్నీ అయ్యాక అంటే నువ్వు అయ్యాక.

ఇప్పుడు నిజం చెప్పు. ఏం జబ్బు? ఎప్పటినుంచి? ఊరంతటికీ తెలిసి, నిన్ను ఎత్తుకు పెంచిన నాకు తెలియకూడదా? జాక్సన్ ఆసుపత్రికి స్నేహితురాలి కోసమట. కారులో కూర్చుంటాడట. ఈ కథ నాకు చెబుతున్నావా? మీ బావ ఆఖరి సంవత్సరం అంతా "స్నేహితుణ్ణి చూసొస్తాను" అనే వెళ్లాడు ఆసుపత్రికి. ఆ స్నేహితుడు ఎవరో మేం అంత్యక్రియలనాడు తెలుసుకున్నాం.

చావడానికొచ్చాను అని పరాయిదానితో అన్నావు, మొదటి ఉత్తరంలో నువ్వే రాశావు. దాన్ని నేను వేళాకోళం అనుకుని నవ్వాను. నాకు సిగ్గుగా ఉంది.

ఎర్నెస్టీన్

తా.క.: మెరూన్ ఎందుకురా? నీ ఛాయకి బూడిదరంగు నప్పుతుంది.


గ్రీన్‌వుడ్
జూన్ చివర

అక్కా,

నాకు ఏ జబ్బూ లేదు. అమ్మ మీద ఒట్టు. నీ ఉత్తరం చదివాకే తెలిసింది, ఇంతకాలం నా చావుకి నేనే చెయ్యి ఊపుతూ కూర్చున్నానని.

వెంటనే మేబ్రీ గారి ఇంటికి వెళ్లి, నేను గుండ్రాయిలా ఉన్నానండీ అని చెప్పాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని "విశ్వాసమంటే ఇది" అన్నారు. ఆ సాయంత్రం రెండు కోళ్లు ఎక్కువ వచ్చాయి. లాభం లేదని మర్నాడు పొద్దున అందరూ చూస్తుండగా వీధి ఈ చివరినుంచి ఆ చివరికి పరుగెత్తాను. నాకు అరవై ఎనిమిది, పైగా జూన్ ఎండ. చివర్లో ఆయాసమొచ్చి కంచె పట్టుకున్నాను. ఎవరో కుర్చీ తెచ్చారు, ఎవరో నీళ్లు చల్లారు. మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది, నాకు గుండెపోటొచ్చిందని.

ఓజెల్లమ్మ గారిని అడిగాను, మీరే కదా ఇదంతా మొదలుపెట్టింది అని. ఆవిడ "జనం ఏదో ఒకటి అనుకుంటూనే ఉంటారు. నువ్వు తిను" అంది. బొబ్బర్లు ఒలుస్తూ తలెత్తలేదు.

నవ్వుకుని ఊరుకునేవాణ్ణే. కాని నిన్న క్లియోటిస్ అనే ముసలాయన కర్ర పట్టుకుని వచ్చాడు. మోకాళ్లు పనిచెయ్యవు ఆయనకి, మా మెట్లెక్కడానికి ఎంతసేపు పట్టిందో. వచ్చి కూర్చుని, నేను పైకి వెళ్లాక తన భార్యకి ఒక మాట చెప్పాలన్నాడు. ఆవిడ చనిపోయిన ఏడాదే ఆయన ఆవిడ పియానో అమ్మేశాడట. ఇంట్లో అది కనిపిస్తూ ఉంటే ఓర్చుకోలేక. "డబ్బుకోసం కాదని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతుంది, కొత్తవాడివి గనక నా తరఫున అబద్ధమాడవు" అన్నాడు.

నేనేమనాలక్కా? చెబుతానన్నాను. ఆయన వెళ్లేటప్పుడు మెట్లు దిగడం తేలికైంది.

అప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు. వచ్చే ఆదివారం చర్చిలో లేచి నిలబడి, అందరి ముందూ నిజం చెప్పేస్తాను. తర్వాత ఈ వీధిలో నా మొహం ఎవరూ చూడకపోతే నీ గదికి వస్తాను.

నీ తమ్ముడు,
అలాంజో

తా.క.: సందేశాలు ఇంకా వస్తున్నాయి. ఒకావిడ తన అత్తగారికి చెప్పమన్నది ఉత్తరంలో రాయలేను. పైన కూడా దాన్ని నోటితో అనలేను.


షికాగో
జూలై మొదటివారం

చిరంజీవి అలాంజోకి,

ఈ చిరంజీవి అన్న మాట రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను.

నీ మాట నమ్మను. మీ బావ కూడా పరుగెత్తి చూపించాడు. అమ్మ మీద ఒట్టేస్తున్నావు, అమ్మ పోయి ఎన్నేళ్లయింది, ఆవిడకింక ఏమవుతుంది?

నేను వస్తున్నాను. అవును, ఆ ఊరికే. జూలై నెలాఖరుకి రైలు టికెట్టు దొరికింది. అందాకా చావకు.

అక్క

తా.క.: నల్లగౌను వదులైంది, కుట్టించడానికిచ్చాను. నువ్వు బతికుంటే దాన్ని నీ ఎదురుగా చింపేస్తాను. ఆ సంతోషం నాకివ్వు.


షికాగో
జూలై

అలాంజో,

పది రోజులైంది జవాబు లేదు. ఆదివారం ఏమైంది? బతికుంటే అవునని ఒక ముక్క రాయి. లేకపోతే ఇంకెవరిచేతనైనా రాయించు.

ఎర్నెస్టీన్


గ్రీన్‌వుడ్
జూలై, శుక్రవారం

అక్కా,

బతికే ఉన్నాను. టికెట్టు రద్దు చేసుకోకు. ఇంకా ముందు రైలేదైనా దొరికితే దానికే రా. నల్లగౌను చింపకు, తెచ్చుకో. ఇక్కడ చావు ఉంది. నాది కాదు.

మొదటినుంచి చెబుతాను. ఆదివారం లేచి నిజం చెబుతానని నీకు రాశాను కదా. ఆ మాటే ఓజెల్లమ్మ గారికీ చెప్పాను. శనివారం మధ్యాహ్నం ఆవిడ కబురు పెట్టింది. వెళ్లేసరికి వంటింట్లో కూర్చుని ఉంది. కాఫీ ఇచ్చింది. తను తాగలేదు.

"రేపు నువ్వు నోరు విప్పొద్దు" అంది.

ఎందుకన్నాను.

"నీకు జబ్బు లేదని నాకు రెండో రోజే తెలుసు. చచ్చేవాడెవడూ నిచ్చెనెక్కి చూరు గొట్టాలు కడగడు. జబ్బు నాది. కడుపులో. డాక్టర్లు చెయ్యగలిగింది లేదన్నారు, నొప్పికి మందిస్తున్నారు, దానికే జాక్సన్."

కాఫీ కప్పు కింద పెట్టాను. ఆవిడే చెప్పుకుపోయింది. నేను ఊళ్లోకి రాకముందే ఆవిడ కారు ఆసుపత్రి దగ్గర ఎవరో చూశారట, ఈ వీధిదనే తప్ప ఎవరిదో పోల్చుకోలేదట. ఈ వీధిలో ఎవరికో ఏదో ఉందని గుసగుసలు మొదలయ్యాయట. ఈ ఊరి ఆడవాళ్ల తలలన్నీ ఆవిడ చేతికింద ఉన్నవే. ఎవరింట్లో చావు దగ్గరపడిందో ముందు తెలిసేది ఆ దుకాణంలోనే. తెలిశాక వాళ్లేం చేస్తారో ఆవిడకి బాగా తెలుసు.

"గిన్నెలు పట్టుకుని బయలుదేరతారు. చెయ్యి పట్టుకుని నిలబడతారు. నేను బతికుండగానే నా గురించి గొంతు తగ్గించి మాట్లాడతారు. నాకది వద్దు. నలభయ్యేళ్లు నేను వాళ్ల మొహాలు అద్దంలో చూశాను, నా మొహం వాళ్లు చూడలేదు. అలాగే పోతాను. దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంటే నువ్వొచ్చి, చావడానికొచ్చానమ్మా అన్నావు. మర్నాడే అందరికీ చెప్పాను, పాపం వాడికి తోడుగా జాక్సన్ ఆసుపత్రికి వెళ్తున్నానని."

అప్పటికి అర్థమైంది. ఇంతకాలం నేను తిన్నది ఆవిడ చావు భోజనం. ఆ మాటే అన్నాను.

"బాగుందా?" అంది.

బాగుందన్నాను.

"అయితే ఇంకొంచెం తిను. ఎక్కువ రోజులు కాదు. మీ అక్కకి కూడా రాయొద్దు. షికాగోనుంచి ఇక్కడికి మాట రావడానికి ఎంతసేపు?"

ఆదివారం చర్చిలో లేచి నిలబడ్డాను. అందరూ తిరిగారు. క్లియోటిస్ గారు కర్రమీద గడ్డం ఆనించి చూస్తున్నారు. ఓజెల్లమ్మ గారు మాత్రం ఎదురుగా గోడకేసి చూస్తోంది. నోరు తెరిచాను. "నాకోసం ప్రార్థన ఆపకండి" అని కూర్చున్నాను. జీవితంలో దేవుడింట్లో నేనాడిన అబద్ధం అదొక్కటే. సరిగ్గా ఆలోచిస్తే అది అబద్ధం కూడా కాదేమో, వాళ్లు ప్రార్థించింది ఎదురింటికి చేరి ఉంటుంది.

తర్వాత జాక్సన్ వెళ్లినప్పుడల్లా కారులో కూర్చోలేదు. లోపలికి వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ వెనకసీట్లో పడుకునేది. వీధి మలుపులో లేచి, జుట్టు సర్దుకుని, ముందుసీట్లోకి మారేది. నేనేమో మెడ వాల్చి, నీరసంగా కారు దిగేవాణ్ణి. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ఇంట్లోకి నడిపించేది. చూసేవాళ్లకి ఆవిడ నన్ను మోస్తున్నట్టుండేది.

నిన్న పొద్దున కాఫీ తీసుకుని వెళ్తే వరండాలో కుర్చీలో ఉంది. జుట్టు నున్నగా దువ్వుకుంది. పిలిచాను. ఇంకోసారి పిలవలేదు.

మేబ్రీ గారికి నేనే చెప్పాను, మొత్తం కథ. ఆయన కిందినుంచి పైదాకా నన్ను ఒకసారి చూశారు. తర్వాత "నీకు నిజంగా ఏమీ లేదా?" అన్నారు. లేదన్నాను. "ఆ కోళ్లన్నీ?" అన్నారు. తిన్నానన్నాను. ఆయన నవ్వలేదు. వీధిలో చాలామంది నవ్వలేదు. ఒకావిడ వచ్చి గాజు గిన్నె పట్టుకుపోయింది, నా మొహం చూడకుండా. అది నామీద కోపమో, తన జుట్టు ఇన్నేళ్లు దువ్విన మనిషి తనతో ఒక్క మాట చెప్పకుండా పోయిందన్న బాధో నాకు తెలియదు. క్లియోటిస్ గారి దగ్గరికి నేనే వెళ్లాను, క్షమించమనడానికి. ఆయన విని, "అయితే ఆ మాట ఓజెల్లా తీసుకెళ్తుందిలే. మా ఆవిడకి ఆవిడే ఎక్కువ నచ్చేది" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఓజెల్లమ్మ గారికి ఎవరూ లేరు. పెళ్లి లేదు, పిల్లలు లేరు, తోబుట్టువులు ఎప్పుడో పోయారు. అంత్యక్రియలు రేపు కాదు, వచ్చే వారం శనివారం. అందాకా ఇంట్లో ఎవరో ఒకరు కూర్చోవాలి కదా, వచ్చేవాళ్లకి తలుపు తీయడానికి. నిన్నటినుంచి నేనే కూర్చున్నాను. ఈ ఊళ్లో కాలు పెట్టనన్న నీ ఒట్టు నాకు తెలుసు. పొయ్యి వెలగని ఇల్లు ఎలా ఉంటుందో నాకంటే నీకే తెలుసు. అందుకే నిన్నడుగుతున్నాను. నాకోసం కాదు. ఆడమనిషి ఒకరు ఇంట్లో ఉంటే బాగుంటుంది.

నీ తమ్ముడు,
అలాంజో

తా.క.: స్టేషనుకి వస్తాను. ఒకవేళ నాకు వీలుపడకపోతే తిన్నగా ఆవిడ ఇంటికి వచ్చెయ్యి. తలుపు వేసి ఉండదు. కుర్చీ లాక్కుని కూర్చో. వచ్చినవాళ్లు నువ్వు ఆవిడకేమవుతావని అడుగుతారు. నేను ఇప్పటిదాకా ఒక్కొక్కరికి ఒక్కో వరస చెప్పాను, ఎవరూ కాదనలేదు. నీకు ఏది నోటికొస్తే అది చెప్పు.